అలుగు పారే నెలలో ఊరికి ఎవరు వెళ్తారు?

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ గారపట్టిన పళ్ళు, వంగిపోయిన మోకాళ్ళు తెలుగు పత్రికలు చదివేవారికి కొత్త కాదు. ఆ జబ్బుకు కారణమైన ఫ్లోరైడ్‌ను ఆ నీళ్ళలోంచి తీయడానికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో ఒక పద్ధతి తయారుచేసింది. పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి కలియబెట్టి, తేరనిచ్చి, పైనీళ్ళు వంచుకోవడమే ఆ పద్ధతి. దాని పేరే నల్లగొండ టెక్నిక్. తూర్పు ఆఫ్రికాలో టాంజానియా, కెన్యా దేశాల్లో ఇదే జబ్బుతో బాధపడే ఊళ్ళలోనూ దాన్ని వాడి చూశారు. అలా మన జిల్లా పేరు ఖండం దాటి అక్కడి నీటి ఇంజినీర్ల నోట నిలిచింది. అదే జిల్లాలో డిగ్రీ చదివే పిల్లల్ని సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో ఆరోది ఏదని అడిగితే, స్వచ్ఛమైన నీరు, పారిశుధ్యం అని ఠక్కున చెప్తారు. తమ జిల్లా పేరు ఆఫ్రికా దాకా ఎలా వెళ్ళింది, ఆ పద్ధతి ఇక్కడి ఇళ్ళలో ఎందుకు నిలవలేదు అని అడిగితే మాత్రం బిత్తరపోతారు. తప్పు వాళ్ళది కాదు, చెప్పినవాళ్ళు లేరు.

ప్రపంచ సుస్థిరాభివృద్ధిని, ఊళ్ళో చేయాల్సిన పనిని విశ్వవిద్యాలయ విద్యార్థులకు కలిపి ఎలా నేర్పాలన్న ప్రశ్న మీద యాభై ఏళ్ళుగా తీర్మానాలు, సిలబస్‌లు, కోర్టు ఆదేశాలు, పరిశోధనలు, ర్యాంకింగులు పోగుపడుతూనే ఉన్నాయి. వాటన్నిటినీ ఒకచోట పెట్టుకుని చదివాక నాకు తోచింది ఇది: ఏం చెప్పాలో తెలియక ఈ చదువు నీరుగారిపోవడం లేదు. ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళే వీలు మన ఉన్నత విద్యలో లేక నీరుగారిపోతోంది.

తీర్మానాల సంగతి త్వరగా చూసి వద్దాం. 1972లో స్టాక్‌హోంలో మానవ పర్యావరణంపై తొలి ఐక్యరాజ్యసమితి సదస్సు జరిగింది. 1977 అక్టోబరులో అప్పటి సోవియట్ జార్జియాలోని ట్బిలిసిలో యునెస్కో పెట్టిన సమావేశం పర్యావరణ విద్యకు పునాది పత్రం ఇచ్చింది. పాఠం స్థానిక సమస్య దగ్గర మొదలవ్వాలి, శాస్త్రాలన్నీ కలిసి నడవాలి, విద్యార్థి చేసి నేర్చుకోవాలి అన్న మూడు సంగతులూ ఆనాడే అందులో ఉన్నాయి. రేపటి తరాల అవసరాలకు గండి పడకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని 1987 బ్రుంట్‌లాండ్ నివేదిక చెప్పింది. 1990లో ఫ్రాన్సులోని తల్వార్ అనే ఊళ్ళో విశ్వవిద్యాలయాల అధిపతులు కూర్చుని పది అంశాల ప్రకటన చేశారు. 1992 రియో సదస్సులో వచ్చిన ఎజెండా 21లో 28వ అధ్యాయం స్థానిక సంస్థలది, 36వ అధ్యాయం చదువుది. రెండూ ఒకే పత్రంలో ఉన్నా ఒకటి పురపాలక శాఖల బల్ల మీదికి, రెండోది విద్యాశాఖల బల్ల మీదికి చేరి అక్కడే ఉండిపోయాయి. 2005 నుంచి 2014 దాకా సుస్థిరాభివృద్ధి విద్యా దశాబ్దం నడిచింది. 2015లో ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు 17, ఉపలక్ష్యాలు 169 వచ్చాయి. వాటిలో 4.7 అనేది నేరుగా ఈ చదువు గురించే. 2021 మేలో బెర్లిన్ ప్రకటన వచ్చింది. కాగితాల మీద కొరత ఏనాడూ లేదు.

ఈ కాగితాలతో పాటే ఒక నినాదం లోకంలో తిరుగుతోంది: ఆలోచన ప్రపంచమంత, పని మన ఊరంత. దీన్ని కొందరు స్కాట్లాండ్ జీవశాస్త్రవేత్త పాట్రిక్ గెడ్డెస్ పేరున, కొందరు సూక్ష్మజీవశాస్త్రవేత్త రెనే డూబో పేరున చెప్తారు. ఎవరిదైనా, ఆ నినాదంలో నాకు ఎప్పుడూ ఒక ఇబ్బంది కనిపిస్తుంది. అది ఆలోచించే పనిని ప్రపంచానికీ, పలుగు పట్టే పనిని ఊరికీ పంచిపెడుతుంది. ఊరు కూడా ఆలోచిస్తుందన్న సంగతి అందులో లేదు. గెడ్డెస్ చేసిన పని మాత్రం ఆ నినాదం కంటే చాలా లోతైనది. ఆయన 1914లో భారతదేశానికి వచ్చి పట్టణం తర్వాత పట్టణం తిరిగారు. 1918లో ఇందౌర్‌కు ప్రణాళిక రాసిచ్చారు, 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర ఆచార్యుడయ్యారు. ప్లాను గీసే ముందు సందు సందూ కాలినడకన తిరగాలన్నది ఆయన పట్టుదల. ఎక్కడ బావి ఉంది, ఎక్కడ చెట్టు నీడన జనం కూర్చుంటారు, ఏ ఇల్లు కూల్చకుండా గాలి తెప్పించవచ్చు అన్నవి చూశాకే కాగితం ముట్టుకోవాలి. ఈ క్రమంలో ముందు నేర్చుకునేది వచ్చినవాడు, నేర్పేది ఊరు.

ఇంకాస్త దగ్గరి ఉదాహరణ శ్రీనికేతన్. రవీంద్రనాథ్ టాగూర్ 1922లో శాంతినికేతన్ పక్కన సురూల్ గ్రామంలో, లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అనే ఇంగ్లండు యువకుడి తోడుతో దాన్ని మొదలుపెట్టారు. మలేరియా, అప్పులు, సారం తగ్గిన నేల, చితికిన చేతివృత్తులు అక్కడి పాఠ్యాంశాలు. ఈ పనిని ఆయన విశ్వభారతికి బయట ఒక సేవాకార్యక్రమంగా ఉంచలేదు. సంగీతం, చిత్రకళ, ప్రాచ్య విద్యలు ఉన్న అదే విశ్వవిద్యాలయంలో ఒక అంగంగా నిలిపారు. మన విశ్వవిద్యాలయాల్లో ఈ పని ఎప్పుడూ ఎన్‌ఎస్‌ఎస్ గదిలోనో, ఎకో క్లబ్ ఫైల్లోనో ఉంటుంది, చదువు మరెక్కడో ఉంటుంది. వందేళ్ళ నాటి ఆ నిర్ణయం విలువ ఈ తేడా చూస్తేనే తెలుస్తుంది.

మన దేశంలో పర్యావరణ విద్య తప్పనిసరి పాఠంగా తరగతి గదిలోకి వచ్చింది విద్యావేత్తల వల్ల కాదు, న్యాయస్థానం వల్ల. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు అన్ని స్థాయిల్లోనూ ఈ బోధన తప్పనిసరి కావాలని ఆదేశించింది. ఆ ఆదేశం అమలుకు పన్నెండేళ్ళు పట్టింది. చివరికి యూజీసీ డిగ్రీ కోర్సులన్నిటికీ ఆరు నెలల ఉమ్మడి పాఠ్యాంశం తయారుచేసింది, పుణెకు చెందిన ఎరాచ్ భరూచా పాఠ్యపుస్తకం రాశారు. ఆ సిలబస్‌ను ఎవరైనా ఓపికగా చదివితే మెచ్చుకుంటారు. చివరి యూనిట్ పూర్తిగా క్షేత్ర పని: దగ్గర్లోని నదినో, గుట్టనో, అడవినో చూసి నమోదు చేయడం, కలుషితమైన ఒక చోటికి వెళ్ళడం, సామాన్యంగా కనబడే మొక్కలు, పురుగులు, పక్షులను గుర్తుపట్టడం. మొత్తం యాభై బోధన గంటల్లో దానికి కేటాయించింది ఐదు. వంద మార్కుల్లో దానికి ఇరవై ఐదు. 2023లో యూజీసీ కొత్త మార్గదర్శకాలు ఇచ్చి దీన్ని నాలుగు క్రెడిట్ల కోర్సు చేసింది. ఉద్దేశం ఇప్పటికీ మంచిదే.

ఆ ఇరవై ఐదు మార్కులు ఎలా పడతాయో నేను కొంతకాలం చూశాను. అరవై రికార్డులు నా బల్ల మీదికి వచ్చేవి. అట్టలు వేరు, లోపల ఒకటే చెరువు, ఒకటే బొమ్మ, ఒకటే వాక్యం. పక్క బ్యాచి రికార్డు చూసి రాసిందని తెలుసు, ఆ పక్క బ్యాచి అంతకు ముందు ఏడాది రికార్డు చూసిందనీ తెలుసు. బస్సుకు డబ్బుల్లేవు, అరవై మందికి ఒక్క అధ్యాపకుడు, ఆయన కూడా వేరే సబ్జెక్టు మనిషి. ఒకసారి ఒక అమ్మాయి రికార్డులో మాత్రం వేరే పేజీ కనిపించింది. వాళ్ళ ఊళ్ళో బోరు ఏ ఏడాది ఎన్ని అడుగుల్లో పడిందో వాళ్ళ నాన్నను అడిగి వరసగా రాసుకొచ్చింది. సిలబస్‌లో లేదు కదా సార్, తీసెయ్యమంటారా అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఊరికి వెళ్ళి చూసి రండి అని చెప్పేటప్పుడు మన ఎదురుగా కూర్చున్న పిల్లల్లో సగం మంది ఆ ఊరి నుంచే బస్సెక్కి వచ్చారన్న సంగతి మరిచిపోతున్నాం. వాళ్ళు ఎరిగినదాన్ని అడగకుండా, ఎరగనిదాన్ని బట్టీ పట్టిస్తున్నాం.

పరిశోధనలు కూడా ఈ వైపే వేలు చూపిస్తున్నాయి. తెలిసినంత మాత్రాన మనుషులు మారరని 2002లో కోల్‌ముస్, అగ్యేమన్ రాసిన ప్రసిద్ధ సమీక్షా పత్రం సాక్ష్యాలన్నీ కూడగట్టి చూపింది. పర్యావరణ జ్ఞానానికీ నడతకూ మధ్య అలవాట్లు, డబ్బు, చుట్టూ ఉన్న వసతులు, నలుగురి తీరు ఇవన్నీ అడ్డుపడతాయి. 2011లో ఆర్నిం వీక్, ఆయన సహచరులు ఈ చదువు ముగిశాక విద్యార్థికి రావాల్సిన సామర్థ్యాలను ఐదుగా చెప్పారు. విషయాలను ఒకదానితో ఒకటి ముడిపెట్టి చూడటం, రాబోయేదాన్ని ఊహించడం, ఏది న్యాయమో తేల్చుకోవడం, పనికొచ్చే ఎత్తుగడ వేయడం, పదిమందితో కలిసి పనిచేయడం. యునెస్కో 2017లో ఈ జాబితాను ఎనిమిదికి పెంచింది. సంఖ్య ఎంతైనా, వీటిలో ఒక్కటీ నల్లబల్ల మీద రాసి నేర్పేది కాదు. ఐదోది మరీ. పంచాయతీ ఆఫీసు ముందు ఎండలో గంటసేపు నిలబడి, తనకంటే పెద్దవాళ్ళు కోప్పడితే ఓర్చుకుని, మళ్ళీ మర్నాడు వెళ్ళినవాడికే అది అబ్బుతుంది.

మొదట చెప్పిన ఫ్లోరైడ్ నీళ్ళనే ఒక సెమిస్టరు పాఠంగా తీసుకుంటే ఏమవుతుందో చూడండి. గ్లాసులో నీళ్ళున్నాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, మన ప్రమాణాలు ఒక మిల్లీగ్రాము దాటొద్దంటాయి, వేరే నీళ్ళు దొరక్కపోతేనే ఒకటిన్నర దాకా ఒప్పుకుంటాయి. ఈ తేడా ఎందుకన్న ప్రశ్న రసాయనశాస్త్రం నుంచి మన ఎండల దాకా, వేడి దేశంలో మనిషి రోజుకు తాగే నీటి లెక్క దాకా తీసుకెళ్తుంది. ఫ్లోరైడ్ గ్రానైటు రాతి నేలల్లోంచి ఊరుతుంది, అది భూగర్భశాస్త్రం. బావులు ఎండి లోతు బోర్లు పడ్డాక జబ్బు ముదిరింది, అది వ్యవసాయం, కరెంటు, అప్పు. పటిక పద్ధతి ఎందుకు ఇళ్ళలో నిలవలేదో అడిగితే రోజూ మోతాదు చూసి కలపాల్సిన చాకిరీ ఎవరి నెత్తిన పడింది, అడుగున మిగిలిన మడ్డి ఎక్కడ పోయాలి అన్న ప్రశ్నలు వస్తాయి. ఆ చాకిరీ ఆడవాళ్ళది. తర్వాత కృష్ణా నీళ్ళు పైపుల్లో వచ్చాయి, మిషన్ భగీరథ వచ్చింది. ఎక్కడి నదో ఇక్కడి రోగానికి మందు అయింది, అది అంతర్రాష్ట్ర జలాల రాజకీయం. మూడో లక్ష్యం, ఐదో లక్ష్యం, ఆరో లక్ష్యం అని వేరువేరుగా బట్టీ పట్టినవన్నీ ఆ గ్లాసులో కలిసే ఉన్నాయి. ప్రపంచానికి చేరడానికి అక్కడి నుంచి పెద్ద దూరం లేదు. టాంజానియా విద్యార్థికి రాయాల్సిన ఉత్తరం ఒక్కటే మిగిలింది.

అయితే దీనికి కాలం కావాలి, పైగా సరైన కాలం కావాలి. ఈ సంగతి సమీక్షల్లో నాకు ఎక్కడా తగినంతగా కనిపించలేదు. తెలుగు నేల మీద చెరువును అర్థం చేసుకోవాలంటే దాన్ని కనీసం మూడుసార్లు చూడాలి. వేసవిలో అడుగు కనిపించినప్పుడు, తొలకరికి కాలువ కదిలినప్పుడు, వానాకాలం చివర అలుగు పారినప్పుడు. తెలంగాణ ఊళ్ళలో మత్తడి దుంకింది అంటారు, రాయలసీమలో మరవ పారింది అంటారు. ఆ రోజు ఊరంతా కట్ట మీదే ఉంటుంది. పై చెరువు మత్తడి నీళ్ళు కింది చెరువులోకి ఎలా దిగుతాయో, గొలుసుకట్టు అంటే ఏమిటో ఆ ఒక్క పూటలో అర్థమైనంతగా ఏ మ్యాపులోనూ కాదు. తూము ఎప్పుడు ఎత్తాలో చెప్పే నీరటి ఎవరు, సీమలో ఆయన్నే నీరుగంటి అని ఎందుకంటారు, ఆయనకు ఇచ్చే గింజలు ఎప్పుడు ఆగిపోయాయి, శిఖం భూమిలో ఎవరి పంట ఉంది, కట్ట కింద ఆయకట్టు ఎంత మిగిలింది అన్నవన్నీ అడిగితే చెప్పేవాళ్ళు అక్కడే ఉంటారు. ఈ మాటల్లో నీటి పంపకం గురించీ, ఉమ్మడి ఆస్తి గురించీ ఒక శాస్త్రమే ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2015లో సుమారు 46 వేల చెరువుల పునరుద్ధరణ లక్ష్యంగా మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు పూడిక మట్టి పొలాలకు తోలుకున్న రైతులు ఆ శాస్త్రాన్నే మళ్ళీ వాడారు. మరి మన సెమిస్టరు సంగతి? మత్తడి దుంకే రోజుల్లో పిల్లలు ఇంటర్నల్ పరీక్షలు రాస్తుంటారు. ఊరికి పంపేది ఏప్రిల్, మే నెలల్లో. ఎండిన చెరువు ముందు ఫొటో దిగి వస్తారు.

ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీ విద్యార్థులకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. 180 గంటలు చిన్న సంఖ్య కాదు. యూజీసీ పాత ఐదు గంటల పక్కన పెడితే ఎంతో ముందడుగు, దీన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. కానీ అది కూడా వేసవి సెలవులకే ముడిపడింది. ఆ గంటల్ని ఏడాది పొడవునా నెలకు పదిహేను చొప్పున పంచితే అదే విద్యార్థి అదే ఊరిని మూడు కాలాల్లోనూ చూడగలుగుతాడు. జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) 1969లో, గాంధీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. దాని ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో శ్రమదానం చేసి, రాత్రి బడి అరుగు మీద పడుకుని, ఊరి వంట తిన్న అనుభవం ఎందరి జీవితాలనో మలిచింది. దాని బలహీనత కూడా ఆ ఏడు రోజులే. మరుసటి ఏడాది తరచూ వేరే ఊరు. 2014లో వచ్చిన ఉన్నత్ భారత్ అభియాన్ ఐదేసి ఊళ్ళను దత్తత తీసుకోమంది. దత్తత అన్న మాటే నాకు నచ్చదు. ఎవరు ఎవరిని పెంచుతున్నారు? వీటన్నిటికంటే గట్టిగా నిలిచిన నమూనా వ్యవసాయ విద్యార్థులది. చివరి ఏడాదిలో వాళ్ళు రావెప్ పేరుతో పల్లెలో మకాం పెట్టి, ఒక రైతును పట్టుకుని, విత్తు నుంచి మొదలయ్యే పనులన్నీ పక్కనే ఉండి చూస్తారు, చేస్తారు. పంట కాలం సెమిస్టరు కోసం ఆగదు కాబట్టి ఇక్కడ సెమిస్టరే పంటకు లొంగింది. ఆర్థికశాస్త్రం, తెలుగు, ఇంజినీరింగ్ చదివే పిల్లలకు రావెప్ లాంటిది ఎందుకు ఉండకూడదన్న ప్రశ్నను ఎవరూ గట్టిగా అడగలేదు.

విదేశాల్లో రెండు చోట్ల నుంచి నేర్చుకోదగ్గవి ఉన్నాయి. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో సీమస్ అనే కేంద్రాన్ని 1990లలో విద్యార్థులే అడిగి తెచ్చుకున్నారు. అక్కడ కోర్సుకు రూపం ఇచ్చేది, నడిపేది విద్యార్థి సమన్వయకర్తలు. ఆచార్యులు వచ్చి పాఠం చెప్తారు, వెనక సలహా ఇస్తారు. జర్మనీలోని లుయ్‌ఫానా విశ్వవిద్యాలయంలో ఏ సబ్జెక్టు వాళ్ళైనా మొదటి సెమిస్టరు కలిసి చదువుతారు, అందులో సుస్థిరత ప్రధానాంశం. మొదటిదాని నుంచి మనం పిల్లల చేతికి పగ్గాలు ఇవ్వడం నేర్చుకోవచ్చు. రెండోదాని నుంచి ఈ చదువు మిగిలిపోయిన గంటల్లో చెప్పేది కాదని నేర్చుకోవచ్చు. వాళ్ళ వసతులు, తరగతికి ఉండే తక్కువ మంది మనకు లేవు. మనకున్నది వేరు, తరగతి గదికి నాలుగు కిలోమీటర్లలోనే చెరువు, గుట్ట, వాగు, వాటితో బతికే మనుషులు.

స్థానికం అంటే ఎంత దూరం అన్నది కూడా తేల్చుకోవాల్సిందే. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండే విద్యార్థికి ఊరు లేదు కాబట్టి స్థానిక పని లేదనుకుంటారు. ఆ హాస్టల్ స్నానాలగది నీళ్ళు ఎటు పోతున్నాయో వెంట పడి చూడమనండి. నాలా, ఆపై మూసీ, ఆపై నగరం దాటి తూర్పున మూసీ నీటితో పారే గడ్డి మళ్ళు, వరి మళ్ళు. ఆ నీళ్ళు మళ్ళీ నల్లగొండ వైపే వెళ్తున్నాయి. 1908 సెప్టెంబరు వరదల తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టి నగరానికి మంచినీళ్ళిచ్చిన అదే నది అది. పైన మంచినీరు తాగి కింద మురుగు వదిలే నగరం, ఆ మురుగుతో పండించి మళ్ళీ నగరానికే కూరగాయలు, పాలు పంపే పల్లె, ఈ రెండిటి నడుమ ఆ విద్యార్థి నిలబడి ఉన్నాడు. తన స్థానికం తన గది కాదు, తన నీళ్ళు నడిచే దారి అంతా.

ఈ బోధనలో అందరూ తప్పించుకునే అధ్యాయం తగాదా. మొక్కలు నాటడం, ప్లాస్టిక్ ఏరడం, ర్యాలీ తీయడం మంచివే, వాటికి అడ్డు చెప్పేవాళ్ళు ఉండరు. అసలు తగాదా చూడాలంటే కొల్లేరుకు వెళ్ళండి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు పట్టి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే ఆ మంచినీటి సరస్సును 1999లో అభయారణ్యం చేశారు. సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత, అంటే ప్లస్ ఐదు కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు. 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ ఒప్పందం కింద రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు నియమించిన కమిటీ ఆదేశాలతో చేపల చెరువుల గట్లు తెంపేశారు. ఆ గట్ల వెనక పట్టణాల పెట్టుబడి ఉంది, తరాలుగా ఆ నీళ్ళ మీదే బతికిన వడ్డి జాలరి కుటుంబాల బతుకూ ఉంది. పెలికాన్ పక్షి గెలిచిందా, మనిషి ఓడాడా అని రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. ప్రపంచం మేలు కోరి చేసిన ఒప్పందానికి ఊళ్ళో ఖరీదు ఎవరు కడతారన్న ప్రశ్నను కొల్లేరు గట్టు మీద కూర్చుని అడగని విద్యార్థి సుస్థిరాభివృద్ధిని సగమే చదివినట్టు. అభయారణ్యం అధికారులు, పెట్టుబడిదారులు, వడ్డి కుటుంబాలు, ఈ మూడు పక్షాలనూ వినాలి, ముగ్గురి దగ్గరికీ రెండోసారి వెళ్ళాలి. మొదటిసారి ఎవరూ నిజం పూర్తిగా చెప్పరు.

కొన్నిసార్లు తగాదా ఆవరణలోకే వచ్చేస్తుంది. 2025 మార్చి చివర్లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి. భూమి తనదని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది, ఆ భూమి మీద చెట్లు, పక్షులు, జింకలు ఉన్నాయని విద్యార్థులు చెప్పారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి చెట్ల నరికివేతను ఆపించింది. భూమి హక్కు ఎవరిదన్నది వేరే వివాదం, దాన్ని ఇక్కడ తేల్చబోవడం లేదు. నన్ను కదిలించింది ఇంకొకటి. ఆ రోజుల్లో అక్కడ ఏ ఏ పక్షులున్నాయి, ఏ మొక్కలున్నాయి అని అడిగినవాళ్ళకు జవాబు చెప్పగలిగిన పిల్లలు ఉన్నారు. ఏళ్ళ తరబడి తెల్లవారుజామున ఆ రాళ్ళ మధ్య తిరిగి రాసుకున్నవాళ్ళ నోటుపుస్తకాలు ఉన్నాయి. ఆ తిరుగుడుకు ఏ క్రెడిట్లూ లేవు. కంచ అంటే మన భాషలో పశువులు మేసే ఉమ్మడి నేల. నగరంలో ఆ మాట ఊరి పేరులో ఇంకా బతికి ఉండటం, దాని అర్థం ఎరిగిన విద్యార్థులు కొందరైనా ఉండటం తేలిక విషయాలు కావు.

కొలతల గురించి క్లుప్తంగా. టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ 2019లో సుస్థిర లక్ష్యాల ఆధారంగా విశ్వవిద్యాలయాలకు ఇంపాక్ట్ ర్యాంకులు మొదలుపెట్టింది. సాక్ష్యాలు పంపేది విశ్వవిద్యాలయాలే. దాంతో ప్రతిచోటా ఒక కమిటీ, ఒక పోర్టల్, ఏ కార్యక్రమం జరిగినా దానికి ఒక లక్ష్యం సంఖ్య తగిలించడం. కొంత మేలు జరిగింది, నీటి వాడకం, సోలార్ పలకలు, వ్యర్థాల లెక్క కొన్ని ఆవరణల్లో మొదలయ్యాయి. కానీ ర్యాంకు అడగని ప్రశ్న ఒకటుంది. మీ విద్యార్థులు వెళ్ళిన ఊరివాళ్ళు మళ్ళీ రమ్మన్నారా?

ఊరి జ్ఞానం, విశ్వవిద్యాలయ శాస్త్రం కలిస్తే ఎలా ఉంటుందో చూపే అనుభవం మన దగ్గరే ఉంది, దాన్ని మన పాఠ్యపుస్తకాల్లో పెట్టుకోకపోవడం పెద్ద లోటు. 2000ల తొలి దశాబ్దంలో నల్లగొండ, మహబూబ్‌నగర్, కర్నూలు, ప్రకాశం, అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను కొలిచి నిర్వహించుకునే పథకం నడిచింది. స్థానిక స్వచ్ఛంద సంస్థలు ముందుండగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడు నిలిచింది. ఆరు వందలకు పైగా ఊళ్ళలో రైతులు, అందులో ఎక్కువ చదువుకోని ఆడవాళ్ళు కూడా, వర్షమాపకం చూసి రోజూ వాన ఎంత పడిందో రాశారు. పదిహేను రోజులకోసారి పరిశీలన బావుల్లో టేపు దించి నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని భూమిలో ఎంత నీరుంది, ఏ పంట ఎంత తాగుతుంది అని లెక్కగట్టి, ఆ లెక్కను అందరికీ కనబడేలా గోడ మీద రాసుకున్నారు. వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళమని ఎవరూ హుకుం జారీ చేయలేదు. లెక్క చూసినవాళ్ళలో చాలామంది తమంతట తాము మళ్ళారు.

ఆ గోడల మీది అంకెల్ని కొనసాగించడానికి ఒక డిగ్రీ కాలేజీ చాలు. పెద్ద నిధులు అక్కర్లేదు. ఒక టేపు, ఒక వర్షమాపకం, ఒక లావుపాటి నోటుబుక్కు. మొదటి ఏడాది పిల్లలు రెండో ఏడాది పిల్లల దగ్గర కొలవడం నేర్చుకుంటారు, మూడో ఏడాది పిల్లలు ఆ అంకెల్ని గ్రామసభలో తెలుగులో చదువుతారు. గణితం వాళ్ళు గ్రాఫు గీస్తారు, తెలుగు వాళ్ళు నీరుగంటి మాటల్ని రాసిపెడతారు, కామర్స్ వాళ్ళు బోరు అప్పుల్ని లెక్కగడతారు. నోటుబుక్కు కాలేజీ బీరువాలో కాదు, పంచాయతీ ఆఫీసులో ఉండాలి. అధ్యాపకుడికి బదిలీ అయితే ఏమవుతుంది? సెలవుల్లో టేపు ఎవరు దించుతారు? ఒక బ్యాచి బయటికి వెళ్ళి, ఇంకో బ్యాచి ఇంకా రాని జూన్ నెలలో తొలి వాన పడితే ఆ పేజీ ఎవరు నింపుతారు? బోరు లెక్కలు రాసుకొచ్చిన ఆ అమ్మాయి లాంటివాళ్ళు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. ఆ జూన్ పేజీ కోసం ముందు వాళ్ళను అడగాలి.